ఒక్క ఓటు వ్యతిరేకం

రూబెన్ హాలక్ బతికింది డెబ్భై ఒక్క ఏళ్ళు. అందులో సైనికుడిగా ఉన్నది వంద రోజులు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కళ్ళు మసకబారేదాకా గుర్రాలకి జీనులు, కళ్ళేలు కుట్టాడు. ఆయన చేతి కుట్టు తెగిందన్నవాడు మా జిల్లాలో లేడు. అయినా ఆయన సమాధి రాయి మీద జీనుల ఊసు లేదు, ఆ వంద రోజుల ముచ్చటే ఉంది. మా ఒహాయో వాళ్ళ తూకాలు అలా ఉంటాయి మరి.

అంతర్యుద్ధం నాలుగో ఏట పడ్డాక అసలు సైనికులందరినీ ముందుకి తోలి, వాళ్ళ వెనక రైలు వంతెనలకి కాపలా కాయడానికి మావాళ్ళని పిలిచారు. వంద రోజులు కాయండి చాలు, కోతలకి ఇంటికొచ్చేస్తారన్నారు. మావాళ్ళంటే ఎవరు? శనివారం మధ్యాహ్నం ఊరి బయట మైదానంలో తుపాకీ భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచి, సాయంత్రం భోజనాలకి ఇళ్ళకి పోయేవాళ్ళు. కిరాణా కొట్టువాడు, కంసాలి, ఇద్దరు బడిపంతుళ్ళు, మిగతా అంతా రైతులు. ఒక్క వీధిలోంచి పదమూడు మంది బయల్దేరారు.

ఆ రోజుల్లో వాలంటీర్ల పద్ధతేమిటంటే, కెప్టెన్‌ని పైనుంచి ఎవరూ వెయ్యరు. కంపెనీలో, అంటే ఆ దళంలో ఉన్నవాళ్ళే చేతులెత్తి ఎన్నుకుంటారు. మావాళ్ళు కిరాణా కొట్టు హైరమ్ గ్రిగ్స్‌ని ఎన్నుకున్నారు. ఆయనకి యుద్ధవిద్య తెలుసనా? తెలిసింది చక్కెర తూచడం. కాకపోతే ఊళ్ళో ఒక్కడితోనూ ఆయనకి మాటామాటా వచ్చిన పాపాన పోలేదు. అంతటి మంచివాడి చేతిలో కత్తి పెట్టారు. రాయడం, చదవడం, నలుగురిలో నిలబడి నవ్వించడం వచ్చినవాడు కాబట్టి రూబెన్‌ని గుమస్తా చేశారు.

వర్జీనియా కొండల మధ్య ఒక వంతెన దగ్గర దింపారు వీళ్ళని. అసలు సైనికుల రైళ్ళు ఆ వంతెన మీదుగా రోజూ పోయేవి. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "ఏం బాబాయిలూ, ఇంట్లో చెప్పే వచ్చారా? దోమ కుట్టిందని అమ్మకి ఉత్తరం రాశారా?" అని అరిచేవాళ్ళు. మావాళ్ళు కాసేపు పళ్ళు నూరేవాళ్ళు, ఆ పైన పేకాడుకునేవాళ్ళు. వంద రోజుల్లో తుపాకులు పేలింది ఒక్కసారే. అరవై ఒకటో రోజు తెల్లారగట్ల పొగమంచులో ఏటి అవతల ఏదో కదిలిందని నలభై మంది ఇరవై నిమిషాలు ఆపకుండా కాల్చారు. మంచు విడిపోయాక చూస్తే రెండు ఆవులు పడి ఉన్నాయి. వాటిని పెంచుకునే ముసలమ్మ వచ్చి కెప్టెన్‌ని నానా తిట్లూ తిట్టింది. ఆయన టోపీ తీసి, "నిజమేనమ్మా" అంటూ నిలబడ్డాడు.

ఇదీ మా కంపెనీ చరిత్ర. దీన్ని పుస్తకంగా రాయాలని ముప్ఫై ఒక్క ఏళ్ళ తరవాత మావాళ్ళకి పుట్టింది.

ఏటా ఆగస్టులో వంద రోజుల వాళ్ళంతా సంత మైదానంలో కలిసేవాళ్ళు. పంది మాంసం వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, కాఫీ, ఆడవాళ్ళు ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చి తెచ్చిన పైలు. అప్పట్లో సైన్యం తిండిగా ఇచ్చిన రాయిలాంటి బిస్కెట్లు కూడా ఒక పళ్ళెంలో పెట్టేవాళ్ళు. వాటిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవడమే తప్ప కొరకడానికి ఎవరి నోట్లోనూ పళ్ళు లేవు. గ్రిగ్స్ ఇప్పటికీ కెప్టెనే. వంద రోజుల కెప్టెన్‌గిరీ చచ్చేదాకా చెల్లుతుంది మా దగ్గర. గుమస్తాగిరీ అంతే. జీనులు కుట్టీ కుట్టీ రూబెన్ వేళ్ళు వంకర్లు పోయాయి, రాత కోడి కెలికినట్టు తయారైంది, అయినా కంపెనీ నాటి నుంచీ సాగుతున్న సంఘం తీర్మానాల పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. అందులో ఏం రాశాడో ఒక్కడూ చదవడు. ఏటా సభ మొదట్లో "పోయినేటి తీర్మానాలు చదివినట్టే భావించి ఆమోదిద్దామా?" అని కెప్టెన్ అడుగుతాడు, అందరూ చేతులెత్తుతారు, పైలు కోస్తారు.

పక్క జిల్లా రెజిమెంటు వాళ్ళు ఆరువందల పేజీల చరిత్ర అచ్చేయించారని తెలిసి మావాళ్ళ కడుపు మండింది. వాళ్ళు మూడేళ్ళు పోరాడి సగం మంది పోయినవాళ్ళు. అది మావాళ్ళకి ఒక తేడాగా కనిపించలేదు. రూబెన్‌ని రాయమన్నారు. వచ్చే ఆగస్టు సభలో చదివి వినిపిస్తే సంఘం ఆమోదించి అచ్చుకిస్తుంది.

మర్నాడే ఇజ్రా టిబెట్స్ రూబెన్ జీనుల దుకాణానికి వచ్చాడు. చర్చిలో పెద్దమనిషి, ఆవుల మీద మొదటి తూటా పేల్చిన మొనగాడు.

"ఒరే రూబెన్, ఆ అరవై ఒకటో రోజు సంగతి కాస్త చూసి రాయరా."

"చూసే రాస్తా. రెండు ఆవులు."

"ఆవులే అని నీకెవడు చెప్పాడు? వాటి వెనకాల శత్రువులు లేరని నువ్వు పోయి చూశావా?"

"వాటి వెనకాల ముసలమ్మ ఉంది. నువ్వు చెట్టు చాటున దాక్కున్నావు."

"నా మనవలు చదువుతార్రా ఆ పుస్తకం!"

"అయితే వాళ్ళకి నిజం చెప్పడానికి ఇదే మంచి అదను. తీర్మానాల పుస్తకంలో ఉన్నదే రాస్తాను. లేనిది ఒక్క ముక్క రాయను. ఉన్నది ఒక్క ముక్క దాచను."

ఈ మాట రూబెన్ ఆ చలికాలమంతా కనీసం ముప్ఫై మందితో అన్నాడు. అంటున్నకొద్దీ ఆయన వెన్ను నిటారయ్యేది. అబద్ధం అడిగినవాణ్ణల్లా తిప్పి పంపుతుంటే మనిషికి తన మీద తనకి ఎంత గౌరవం పెరుగుతుందో అనుభవిస్తేగానీ తెలియదు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఆయన్ని చూస్తే చిరాకేసేది.

ఆయన గీకిన కాగితాలకి మంచి ప్రతి రాసేది భార్య ఫీబీ. ఆమె చేతిరాత అచ్చులా ఉంటుంది. వంటింటి బల్ల మీద కూచుని రోజుకి నాలుగు పేజీలు రాసేది. ఆ పుస్తకం నుంచి ఆమెకి కావలసింది ఒకే ఒక్క వాక్యం. ఆమె అన్న ఏసా డోర్మన్ కూడా ఆ కంపెనీలోవాడే. బావులు తవ్వే ఇంట్లో పుట్టినవాడు, ఇరవై రెండేళ్ళవాడు. ఆ వంతెన దగ్గరే టైఫాయిడ్ జ్వరంతో పోయాడు.

"ఏసా గురించి ఏం రాశావు?" అని అడిగింది ఒకరోజు.

"చివర జాబితాలో ఉంది కదా. జ్వరంతో పోయిన పదకొండు మందిలో మూడో పేరు."

"ఎలా పోయాడో కాదు నేనడిగేది. బతికుండగా ఏం చేశాడో ఒక్క వాక్యం రాయి. వాడూ అక్కడ ఉన్నాడని తెలియాలిగా."

"చూస్తాను" అన్నాడు రూబెన్. ఆ చూపు నాలుగు నెలలు సాగింది.

ఎందుకంటే, ఏసా గురించి రాయవలసిన వాక్యం నిజంగానే ఒకటుంది. అది రాయాలంటే దానికి ముందు తన గురించి ఒకటి రాయాలి.

మావాళ్ళు ఆ వంతెన దగ్గర దిగిన వారానికి సైన్యం డాక్టరు వచ్చి, దొడ్డికెళ్ళే గుంట కొండకి అవతలి వాలున, రెండు వందల గజాల దూరంలో తవ్వమని చెప్పిపోయాడు. జూన్ నెల, ముసురు పట్టింది. మోకాలి లోతు బురదలో రెండు వందల గజాలంటే ఎవడికి ఓపిక? ఇంకో కంపెనీలో అయితే కెప్టెన్ తవ్వండ్రా అనేవాడు, నోరు మూసుకుని తవ్వేవాళ్ళు. గ్రిగ్స్ ఎన్నికైన కెప్టెన్. రేపు ఊరికెళితే వీళ్ళంతా తన కొట్టుకి రావలసినవాళ్ళే. ఇరుగుపొరుగుని పట్టుకుని బురదలో నడవమని ఎలా అనగలడు? అందుకని ఆయన కంపెనీని సమావేశపరిచి, "దీని మీద మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగాడు. ప్రపంచంలో ఏ సైన్యమైనా దొడ్డి గుంట ఎక్కడ తవ్వాలో ఓటింగు పెట్టిందో లేదో నాకు తెలియదు. మావాళ్ళు పెట్టారు.

అప్పుడు రూబెన్ హాలక్ లేచాడు. గుడారాల వెనకే, ముప్ఫై అడుగుల్లో తవ్వుకుందామని ప్రతిపాదించాడు. ఊరికే ప్రతిపాదించలేదు, ఉపన్యాసం ఇచ్చాడు. స్వేచ్ఛ కోసం ఇంత దూరం వచ్చిన పౌరుడికి తను ఎక్కడ కూచోవాలో తేల్చుకునే స్వేచ్ఛ అయినా ఉండాలా వద్దా అని అడిగాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. జీవితంలో అంత బాగా ఆయన మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. అనుకూలం డెబ్భై ఒకటి. వ్యతిరేకం ఒకటి.

ఆ ఒక్కటీ ఏసా డోర్మన్. గుడారాలకి దిగువన ఊట ఉంది, తాగేది ఆ నీళ్ళే. ఏసా టోపీ చేత్తో నలుపుతూ లేచి నిలబడి, "నీళ్ళు ఓటు వెయ్యవురా రూబెన్. అవి కిందకి పోతాయి" అన్నాడు. దానికి జనం ఇంకా ఎక్కువ నవ్వారు. అప్పటికి రూబెన్ ఉపన్యాసం వేడి మీదున్నారు, ఎవరు ఏమన్నా నవ్వేటట్టున్నారు. మూడు వారాలకి మొదటివాడికి జ్వరం తగిలింది. కోతలకి ఇంటికి చేరేసరికి పదకొండు మంది తక్కువ. మా కంపెనీ చేతిలో శత్రువు ఒక్కడు కూడా చావలేదు. మావాళ్ళ చేతిలో మావాళ్ళు పదకొండు మంది పోయారు. అందులో ఆ చావు కొనితెచ్చుకోనివాడు ఏసా ఒక్కడే.

ఆ రోజు తీర్మానాల పుస్తకంలో గుమస్తా రూబెన్, "గుంట విషయమై తీర్మానం నెగ్గింది, వ్యతిరేకం ఒకటి" అని రాశాడు. ఎవరు ప్రతిపాదించారో రాయలేదు, ఎవరు కాదన్నారో రాయలేదు. మూడేళ్ళ తరవాత ఫీబీని పెళ్ళాడాడు. మొదట్లో ఆమె ఏసా పేరు ఎత్తినప్పుడల్లా ఆయన గుండెల్లో రాయి పడేది. ఆ తరవాత అలవాటైంది. దేనికైనా అలవాటు పడతాడు మనిషి.

ఇప్పుడు నాలుగో అధ్యాయంలో ఆ రోజు వచ్చి కూచుంది. ఉన్నది ఒక్క ముక్క దాచనని ఊరంతా చాటిన మనిషి మూడు రోజులు దుకాణం తలుపు వేసుకుని ఆలోచించి ఇలా రాశాడు: "వర్షాల కారణంగా కంపెనీ తన సౌకర్యార్థం కొన్ని ఏర్పాట్లు చేసుకొనెను. తదుపరి దైవ నిర్ణయము వలన జ్వరములు ప్రబలెను." అన్నాళ్ళూ వాడుక భాషలో రాసినవాడికి ఆ రెండు వాక్యాల దగ్గర మాత్రం గ్రాంథికం పుట్టుకొచ్చింది.

ఫీబీ ఆ కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"సరే" అని కలం సిరాలో ముంచింది. రూబెన్ పశువులకి నీళ్ళు పెట్టే పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు వచ్చింది. సంత మైదానంలో పందిరి కింద ముప్ఫై నలుగురు ముసలివాళ్ళు రిబ్బన్లు గుచ్చుకుని కూచున్నారు. ఆడవాళ్ళు వెనక బల్లల దగ్గర పైలు కోస్తున్నారు. పోయినేటి తీర్మానాలు చదివినట్టే భావించారు. రూబెన్ వేదిక మీద నిలబడి ఫీబీ రాసిన మంచి ప్రతి చదవడం మొదలెట్టాడు. శనివారం కవాతుల దగ్గర నవ్వారు, రైళ్ళ వెక్కిరింతల దగ్గర గొణిగారు. పేజీ తిప్పాడు.

"వర్షాల కారణంగా కంపెనీ తన సౌకర్యార్థం..." అని కాగితం చూడకుండానే మొదలెట్టి ఆగిపోయాడు. ఆ వాక్యం అక్కడ లేదు. ఆమె అచ్చు లాంటి అక్షరాల్లో ఇంకోటి ఉంది. తల ఎత్తాడు. పందిరి చివర ఫీబీ ఆపిల్ పై కోసే కత్తి పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. దుకాణంలో పని పూర్తయ్యేదాకా నిలబడి చూసే రైతులా ఎదురు చూస్తోంది, అంతే.

ఒక పేజీ తిప్పేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. రూబెన్ బొటనవేలు పేజీ అంచు దాకా వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకున్నాడు.

"గుంటని ఊటకి పైన, గుడారాల వెనక తవ్వాలని ప్రతిపాదించినవాడు," అని చదివాడు, దగ్గి మళ్ళీ చదివాడు, "ప్రతిపాదించినవాడు రూబెన్ హాలక్. డెబ్భై ఒక్క మంది చేతులెత్తారు. వద్దన్నవాడు ఏసా డోర్మన్ ఒక్కడే. నీళ్ళు ఓటు వెయ్యవురా రూబెన్, అవి కిందకి పోతాయి అని అతను చెప్పాడు."

చివరి మాట నోట్లో ఉండగానే ఆయనకి వెలిగింది. ఏసా అన్న ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అది ఫీబీకి తెలిసిందంటే ఏసాయే ఉత్తరం రాసి ఉండాలి. ఆ ఉత్తరం వాడు బతికుండగా వచ్చి ఉండాలి. అంటే పెళ్ళికి మూడేళ్ళ ముందు నుంచీ ఆమెకి తెలుసు.

 టిబెట్స్ లేచాడు.

"అధ్యక్షా, ఇది చరిత్ర పుస్తకమా, ఒప్పుకోళ్ళ పుస్తకమా? పోయినవాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ ఫొటోలు గోడల మీదున్నాయి. వాళ్ళు దేశం కోసం పోయారనుకుంటున్నారు. దొడ్డి కోసం పోయారని ఇప్పుడు చెబుతామా? ఆ పేజీ తీసేసి అరవై ఒకటో రోజు పోరాటం వెయ్యాలని నా ప్రతిపాదన."

"బలపరుస్తున్నా!" అని నాలుగు గొంతులు లేచాయి.

కెప్టెన్ గ్రిగ్స్‌కి డెబ్భై తొమ్మిదేళ్ళు. ముప్ఫై రెండేళ్ళ నాటి మంచితనం కొంచెం కూడా చెక్కు చెదరలేదు. "మరి, అందరి అభిప్రాయం అదే అయితే..." అంటూ చుట్టూ చూసి, "అనుకూలం?" అన్నాడు.

చేతులు లేచాయి. ముప్ఫై రెండు. మోకాళ్ళ నొప్పులతో లేవలేనివాళ్ళు కర్రలు ఎత్తారు.

"వ్యతిరేకం?"

రూబెన్ వంకర వేళ్ళ చెయ్యి పైకెత్తాడు. టిబెట్స్ కిసుక్కుమన్నాడు. ఒక్కడే ఎత్తిన చెయ్యి ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది ఆయనకి. ఏసా ఆ రోజు టోపీ ఎందుకు అంతలా నలిపాడో కూడా.

అప్పుడు వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది, పైలు కోసే కత్తితో సహా.

"అమ్మా ఫీబీ," అన్నాడు కెప్టెన్ నొచ్చుకుంటూ, "ఏమీ అనుకోకమ్మా, ఇక్కడ ఆడవాళ్ళకి ఓటు లేదు."

"తెలుసు కెప్టెన్ గారూ. ఇది నాది కాదు. ఏసాది. వాడి పేరు మీ కంపెనీ జాబితాలో ఇంకా ఉంది కదా, ఎవరూ తీసెయ్యలేదుగా?"

కెప్టెన్ జాబితా వైపు చూశాడు, జనం వైపు చూశాడు, పైల వైపు చూశాడు. "తీర్మానం నెగ్గింది," అన్నాడు చివరికి. "వ్యతిరేకం ఒకటి. గుమస్తా గారూ, రాసుకోండి. ఇక కాఫీలు తాగుదాం."

అందరూ లేచి బల్లల మీద పడ్డారు. రూబెన్ తీర్మానాల పుస్తకం తెరిచి, వంకర వేళ్ళతో, ఎవరికీ అర్థంకాని ఆ రాతలో చాలాసేపు రాశాడు. రాయడం అయ్యాక తల ఎత్తితే ఫీబీ భుజం మీదుగా చదువుతోంది. అప్పట్లో ఆ రాత చదవగలిగేది ప్రపంచంలో ఆమె ఒక్కతే.  ఆపిల్ పై ముక్క ఒకటి పుస్తకం పక్కన పెట్టి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళే దారిలో బండి వంతెన దాటాక అడిగాడు. "తెలిసీ నన్నెందుకు చేసుకున్నావు?"

"నువ్వే చెబుతావని." గుర్రం చెవుల మధ్యనుంచి దూరంగా చూస్తూ అంది. "ఏదో ఒక ఆదివారం చెబుతావులే అనుకున్నా. ఈలోగా పిల్లలు పుట్టారు. తరవాత నేనే మర్చిపోవాలని చూశా. అదీ కుదర్లేదు."

"అడగొచ్చు కదే."

"అడిగితే చెప్పేదాన్ని చెప్పడమంటారా?"

రూబెన్ పగ్గాలు ఒక చేతిలోకి మార్చుకుని రెండోదాంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

పుస్తకం ఆ చలికాలం అచ్చయింది. నీలం అట్ట, బంగారు అక్షరాలు. నాలుగో అధ్యాయంలో ఏటి ఒడ్డు పోరాటం పదకొండు పేజీలుంది, టిబెట్స్ స్వయంగా రాసుకున్నాడు. శత్రువులు మూడు వందల మంది. జ్వరంతో పోయిన పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ పోరాటంలోనే నేలకొరిగారు. ఏసా డోర్మన్ జెండా పట్టుకుని మరీ ఒరిగాడు. మా బళ్ళో ఇప్పటికీ పిల్లలకి అదే చదివిస్తారు.

మరుసటి ఆగస్టులో మళ్ళీ పందిరి వేశారు. పోయినేటి తీర్మానాలు చదివినట్టే భావించి ఆమోదిద్దామా అని కెప్టెన్ అడిగాడు. చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయి. టిబెట్స్‌తో సహా అందరూ చేతులెత్తారు, ఒక్కడు కూడా కాదనలేదు. ఫీబీ బల్ల దగ్గర కత్తి కింద పెట్టి ఆ చేతులన్నీ నింపాదిగా లెక్కపెట్టింది.

తీర్మానాల పుస్తకంలో రూబెన్ రాసిన ఆ పేజీ ఇప్పటికీ ఉంది. "తీర్మానం నెగ్గింది. వ్యతిరేకం రెండు: రూబెన్ హాలక్, ఏసా డోర్మన్. 1864లో గుంట విషయమై వ్యతిరేకం ఒకటి అని రాశానే, ఆ ఒకటి ఏసాయే. ప్రతిపాదించింది నేను." కింద కెప్టెన్ సంతకం. దాని పక్కన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారని రాసి ఉంది.